అతనినే అడిగితిమా?

(చదువవలసిన భాగములు: 2 సమూయేలు 9:1–13, 16:1–4, 19:24–30, యోహాను 9:18–34)



గత వేసవిలో మేము మా సంఘములోని ఒక ఇంటికి ప్రార్థనకు వెళ్లితిమి. ఆ ఇంటి చిన్న కుమారునికి రెండేండ్ల ప్రాయమున పోలియో సోకి రెండు కాళ్లును చచ్చుబడెను. ఇప్పుడతనికి నలుబది ఏండ్లకు దగ్గర. చేతులతో త్రిప్పెడు మూడు చక్రముల బండి నెక్కి ప్రతి ఉదయము బజారుకు పోయి ఎరువుల కొట్టులో పద్దులు వ్రాయును. ప్రార్థన ముగిసిన పిమ్మట తల్లి టీ పెట్టి తెచ్చినది. మేము ఆమె వైపు తిరిగి, "అబ్బాయి పంచదార వేసుకుంటాడా అమ్మా?" అంటిమి. అతడు మా ప్రక్కనే మూరెడు దూరములో కూర్చుండి యున్నాడు. "అయ్యగారూ, పడిపోయింది కాళ్లండి, నాలుక కాదు. రెండు చెంచాలు వెయ్యమనండి" అని నవ్వుచు అనెను. అందరును నవ్విరి, మేమును నవ్వితిమి. గాని ఇంటికి నడచి వచ్చునప్పుడు ఆ నవ్వు మా నోట నిలువలేదు.

పదునాలుగేండ్లుగా మేము ఆ సంఘమునకు కాపరిగా ఉన్నాము. ఆదివారము తప్పకుండ అతని పేరెత్తి ప్రార్థించితిమి. అతని ఒంట్లో ఎట్లున్నదని తల్లిని అడిగితిమి. పింఛను వచ్చుచున్నదా అని అన్నను అడిగితిమి. క్రిస్మసుకు చొక్కా కొలత ఎంతయని వదినెను అడిగితిమి. అతనినే అడిగినది ఏదైనను ఉన్నదా యని ఆ రాత్రి ఎంత తలపోసినను ఒక్కటియు జ్ఞాపకమునకు రాలేదు.

ఈ తప్పు మా ఊరిలోనే పుట్టినది కాదని తరువాత తెలిసికొంటిమి. ఇంగ్లండు దేశములో బి.బి.సి. రేడియోవారు 1977లో వికలాంగులను గూర్చి ఒక కార్యక్రమము నారంభించి 1998 వరకు నడిపిరి. దాని పేరును తెలుగున చెప్పినయెడల, 'ఆయన పంచదార వేసుకుంటాడా?' అని యగును. చక్రముల కుర్చీలో కూర్చున్నవానిని విడిచి కుర్చీ నెట్టువానిని అడుగు లోకపు అలవాటునకు ఆ పేరొక చురక. మేము తెలియక ఆడిన మాటయే సముద్రములకు ఆవల ఒక రేడియో కార్యక్రమమునకు పేరైయుండుట చూచి మిక్కిలి సిగ్గుపడితిమి. ఆ దేశములోనే పోలియో సోకిన ఒక పిల్లవాడు పెరిగి పెద్దవాడై, ఆటగాడై, పిమ్మట తానే మైకు పట్టుకొని దేశమంతటితో మాటలాడిన సంగతి ఈ నెల మీ యెదుట ఉంచగోరుచున్నాము.

అతని పేరు అడే అడెపిటాన్. 1973లో ఆఫ్రికా ఖండమందలి నైజీరియా దేశములో, లాగోసు పట్టణమున పుట్టెను. పదునైదు నెలల ప్రాయమున పోలియో సోకి ఎడమకాలి బలము పోయెను. మూడేండ్లప్పుడు తల్లిదండ్రులతో ఇంగ్లండు చేరి, లండను నగరపు తూర్పు భాగమున న్యూహామ్ అను పేటలో పెరిగెను. అక్కడి బీదపేటలలో అదియొకటి. కాళ్లకు ఇనుప కాలిపర్లు కట్టుకొని నడిచెడువాడు. తల్లిదండ్రులకు చక్రముల కుర్చీ అనిన గిట్టదు. కుర్చీ నెక్కించినచో ఓడిపోయినట్టేయని వారి తలంపు. ఎట్లైనను బిడ్డ నడవవలెనని వారి ఆశ. మన ఊళ్లలో ఎందరు తల్లులు ఇట్టి ఆశతో బిడ్డను చంకనెత్తుకొని ఆసుపత్రులకును ప్రార్థన కూటములకును తిరిగియుండలేదు! వారిని తప్పుపట్టుట మాకు చేతకాదు.

పిల్లవాడు మాత్రము స్నేహితులతో ఆటకు పోవుటకు వేరొక దారి కనిపెట్టెను. పెద్ద దుకాణములలో సరకులు వేసికొని నెట్టెడు ఇనుప తోపుడుబండి యుండును గదా, స్నేహితులు అందులో అతనిని కూర్చుండబెట్టి వీధులవెంట నెట్టుకొని పోయెడివారు. ఒకనాడు దానిని వ్యాయామ చికిత్స చేయువారు చూచి, చక్రముల కుర్చీలో ఆడెడు బాస్కెట్‌బాల్ ఆటకు రమ్మని పిలిచిరి. అట్లు అతడు స్టోక్ మాండెవిల్ అను చోట జరిగెడు పోటీలను చూడగలిగెను. పారాలింపిక్ క్రీడలు మొలకెత్తినది అచ్చటనే. జర్మనీ దేశమున యూదులకు కలిగిన హింసను తప్పించుకొని 1939లో ఇంగ్లండు చేరిన లుడ్విగ్ గుట్మాన్ అను వైద్యుడు, వెన్నెముక దెబ్బతిన్న సైనికులకు అక్కడి ఆసుపత్రిలో చికిత్స చేయుచుండెను. అట్టివారు మంచము దిగక కొద్దికాలములోనే చనిపోవుదురని నాటి వైద్యులనేకులు తలంచిరి. ఆయన వారిచేత విల్లు పట్టించెను. 1948 జూలై 29న, లండనులో ఒలింపిక్ క్రీడలారంభమైన దినముననే, 16 మంది రోగులు ఆసుపత్రి ఆవరణలో విలువిద్యలో పోటీపడిరి. 1960లో రోము నగరమున మొదటి పారాలింపిక్ క్రీడలు జరిగెను. అడే చూచిన పోటీలు ఆ 16 మంది విత్తిన పంటయే.

అచ్చట అతడు చూచిన కుర్చీ తల్లిదండ్రులు భయపడిన కుర్చీ కాదు. కాలిపర్లతో కాలీడ్చుకొనువానికి ఆ కుర్చీలో పరుగు దొరికెను. మనలో ఆ ఆట చూచినవారు తక్కువ గనుక రెండు మాటలు చెప్పుదుము. మైదానము కాళ్లున్నవారు ఆడెడిదే. బుట్ట ఎత్తును పది అడుగులే, ఒక్క అంగుళమైనను తగ్గింపరు. బంతి చేత నుండగా చక్రమును రెండుమారులు త్రోసినంతలో బంతిని నేలకు కొట్టవలెను, లేదా మరియొకనికి ఇయ్యవలెను. ఒక్కొక్క ఆటగానికి శరీర బలమునుబట్టి ఒకటి మొదలు నాలుగున్నర వరకు లెక్క కట్టుదురు. మైదానములోని అయిదుగురి లెక్క కలిపి పదునాలుగు దాటరాదు. అందుచేత మిక్కిలి బలహీనుడైనవానికి కూడ జట్టులో చోటు తప్పక యుండును. అతడు లేనిదే లెక్క కుదరదు. ఈ నియమము వినినప్పుడు, శరీరములో బలహీనములుగా కనబడు అవయవములే అవసరమైనవని పౌలు కొరింథీయులకు వ్రాసిన సంగతి మాకు తోచినది.

అడే ఆ ఆటలో గ్రేటు బ్రిటన్ జట్టులో చేరి 2004లో ఏథెన్సు పారాలింపిక్ క్రీడలలో కాంస్య పతకము పొందెను. ఇంతవరకు వింతయేమియు లేదు. పతకములు పొందినవారు అనేకులు. మమ్మును ఆకర్షించినది అతడు మైదానము నుండి మైకు వద్దకు పోయిన త్రోవ. 2002లో బి.బి.సి. టెలివిజనువారు కార్యక్రమముల నడుమ చూపెడు చిన్న చిత్రములలో ఒకదానియందు చక్రముల కుర్చీలతో నాట్యమాడిన ముగ్గురు ఆటగాండ్రలో అతడొకడు. అప్పుడు దేశమంతయు అతనిని చూచెను గాని అతని మాట వినలేదు. పిమ్మట చిన్నపిల్లల కార్యక్రమములలో మాటలాడుట నేర్చుకొనెను. 2012లో లండనులోనే పారాలింపిక్ క్రీడలు జరిగినప్పుడు చానెల్ 4 అను సంస్థవారి వ్యాఖ్యాతలలో ఒకడై కెమెరా యెదుట నిలిచెను. 164 దేశముల నుండి నాలుగు వేలకు మించిన ఆటగాండ్రు వచ్చిన ఆ క్రీడలు, అతడు పెరిగిన న్యూహామ్ ప్రక్కనే జరిగెను. తోపుడుబండిలో తిరిగిన వీధులకు కూతవేటు దూరమున అతడు దేశమునకు ఆటను వివరించుచుండెను.

ఆ సంవత్సరము ఆ సంస్థవారు చేసిన పని యొకటి చెప్పదగినది. వికలాంగులలో మాటలాడగలవారిని ముందుగానే వెదకి, తర్ఫీదునిచ్చి, వారిని తెరమీద నిలిపిరి. వ్యాఖ్యాతలలోను విలేఖరులలోను సుమారు సగము మంది అట్టివారే. జాలితో వేసిన కుర్చీలు కావవి. ఆటగాడైన ప్రతివాడును మాటకారి కాడు. పరుగు వేరు, పలుకు వేరు. వాక్యము చదువుకొన్న ప్రతివాడును ప్రసంగీకుడు కానట్లే ఇదియును. సెమినారీలో మా మొదటి ప్రసంగము విని గురువుగారు మా ముఖము చూడలేక కిటికీవైపు చూచిన దినము మాకు జ్ఞాపకమున్నది. అడే అడెపిటాన్‌కును పిల్లల కార్యక్రమముల నుండి 2012 వరకు ఏండ్లు పట్టినవి.

అయితే అనుభవించినవాడు చెప్పుటలో భేదమేమి? బాస్కెట్‌బాల్ ఆటలో కుర్చీలు ఒకదానినొకటి ఢీకొని బోర్లపడుట సాధారణము. చూచువారు అయ్యో యని లేచి నిలువబడుదురు. తెలియని వ్యాఖ్యాత ఆ పాటునే కథచేసి కన్నీరు కార్పించును. తానే ఆ విధముగా నూరుమారులు పడి లేచినవాడైతే పడినవానిని గూర్చి కలతపడడు. తప్పెవరిది, బంతి ఎవరికి పోవునని చెప్పును. మనము దుఃఖమును చూచెడుచోట అతడు ఆటను చూచును. మరియొక దృష్టాంతము. పారాలింపిక్ ఈత పోటీలలో ఒకనికి చేయి లేదు, వేరొకనికి కాలు లేదు, వీరిరువురు ఒకే పందెములో ఎట్లు పోటీపడుదురని చూచువారికి తికమక. దానిని తీర్చినవాడు జైల్స్ లాంగ్ అను ఈతగాడు. అతడు పారాలింపిక్ క్రీడలలో స్వర్ణ పతకములు గెలిచి, పిమ్మట ప్రసారములలో చేరెను. మనుష్యుని బొమ్మ గీసి, ఏ అవయవమున ఎంత లోపమున్నదో రంగులలో చూపు పద్ధతిని కల్పించెను. 2012లో చానెల్ 4 వారు దానిని వాడిరి. చూచువారికి ఏది అర్థము కాదో ఎరిగినవాడు, తానే ఆ వర్గములలో ఈదినవాడు.

ఇప్పుడు మన వాక్యభాగమునకు వత్తము. యోనాతాను కుమారుడైన మెఫీబోషెతు కథలో మనము తొమ్మిదవ అధ్యాయమునే ప్రసంగింతుము. దావీదు అతనిని పిలిపించి తన బల్లయొద్ద కూర్చుండబెట్టెను. అందరికిని ఇష్టమైన భాగమది. మేమును దానిమీద అయిదారుమారులు ప్రసంగించితిమి. గాని కథ అక్కడ ముగియలేదు. అబ్షాలోము తిరుగుబాటున దావీదు పారిపోవునప్పుడు సేవకుడైన సీబా గాడిదలతో ఎదురుగా వచ్చెను. నీ యజమానుని కుమారుడెక్కడ అని రాజు అడిగెను. అతడు రాజ్యము తనకు వచ్చునని యెరూషలేములో నిలిచిపోయెనని సీబా కొండెము చెప్పెను. రాజు అంతట అతని ఆస్తి యావత్తును సీబాకు ఇచ్చివేసెను. గమనించితిరా? ఎన్నో ఏండ్లు తన బల్లయొద్ద భోజనము చేసినవానిని దావీదు అడుగలేదు! అతని పక్షమున మాటలాడుటకు అలవాటుపడిన నోటిని నమ్మెను. బల్లయొద్ద చోటిచ్చుట అతనికి తెలిసెను గాని, అతని మాట వినుట తెలియలేదు. పందొమ్మిదవ అధ్యాయములో మెఫీబోషెతు తానే వచ్చి, గాడిదకు గంత కట్టించి వత్తుననుకొంటిని, నేను కుంటివాడను, నా సేవకుడు నన్ను మోసము చేసెనని చెప్పుకొనెను. అప్పటికి సగము పొలము పోయినది.

యోహాను తొమ్మిదవ అధ్యాయములో పుట్టు గ్రుడ్డివాని తల్లిదండ్రులను పరిసయ్యులు పిలిచి ప్రశ్నించిరి. కొడుకు ఈడేరినవాడు గనుక అతనినే అడుగుడని వారు తప్పించుకొనిరి. సమాజమందిరములో నుండి వెలివేయుదురను భయముచేత పలికిన మాటయది. భయముచేత పలికినను సరియైన మాటే పలికిరి. అడిగినప్పుడు ఆ మనుష్యుడు చెప్పిన సాక్ష్యమెంత సూటిగా నున్నదో చదివి చూడుడి. శాస్త్రుల తర్కమునకు అతడు లొంగలేదు. వారు అతనిని వెలివేసిరి. వెలివేయబడినవానిని యేసు ప్రభువు వెదకి కనుగొనెను.

మెట్ల సంగతి యొకటి చెప్పక తప్పదు. టానీ గ్రే-థాంప్సన్ అను స్త్రీ పుట్టుకతోనే వెన్నెముక లోపముగలది. చక్రముల కుర్చీ పందెములలో ఆమె 2000 సంవత్సరమున సిడ్నీలో నాలుగు స్వర్ణ పతకములు గెలిచెను. మొత్తము మీద పారాలింపిక్ పతకములు 16, వాటిలో స్వర్ణములు 11. ఆ ఏడాది చివర బి.బి.సి. వారు ఆ సంవత్సరపు శ్రేష్ఠులైన క్రీడాకారులను ఘనపరచు సభలో ఆమెను మూడవ స్థానమున నిలిపిరి. దేశమంతయు చూచుచుండెను. గాని వేదిక నెక్కుటకు మెట్లేగాని వాలుదారి లేదు. ఆమె పైకి పోయి బహుమానము నందుకొనలేకపోయెను. తరువాత ఆ సంస్థవారు క్షమాపణ చెప్పుకొనిరి. పిమ్మట ఆమె ప్రసారములలో మాటలాడెను. 2010 నుండి ఆ దేశపు ప్రభువుల సభలో సభ్యురాలు. ఆ సభను ఏర్పాటుచేసినవారు దుర్మార్గులు కారు. ఆమెను ఘనపరచవలెననియే పిలిచిరి. ఎట్లు పైకి వత్తువని ఒక్కరును అడుగలేదు, అంతే.

మన నేలమీది సంగతి యొకటి. వరంగల్లు జిల్లా కల్లెడ గ్రామపు దీప్తి జీవాంజి కూలిపని చేసికొను తల్లిదండ్రుల బిడ్డ. బుద్ధి వికాసమునందు లోపముతో పుట్టినది. చిన్ననాడు ఊరివారు ఆ బిడ్డను ఎగతాళి చేసిరి. 2024 సెప్టెంబరులో పారిస్ పారాలింపిక్ క్రీడలలో 400 మీటర్ల పరుగున కాంస్య పతకము పొందినది. పరుగు ముగిసిన గంటలోనే ఆ గ్రామము పేరు దేశమంతట వినబడెను. మన వాడుకను మనము ఒకసారి పరీక్షించుకొనవలెను. కుంటి ఫలానా, మూగ ఫలానా అని లోపమునే ఇంటిపేరు చేసి పిలుచుట మన వీధులలో ఎంత సహజము! గ్రంథములో ఆ మాటలున్నవి గదా అని సమర్థించుకొనకుడి. ప్రభువు బర్తిమయిని పిలిపించినప్పుడు నీకేమి చేయవలెనని అతనినే అడిగెను. కన్నులు కనబడనివానికి ఏమి కావలెనో ప్రభువునకు తెలియదా?

ప్రకృతిసిద్ధమైన పోలియో క్రిమి మన దేశమున 2011 జనవరి తరువాత మరల కనబడలేదు. 2014 మార్చి 27న మన దేశము ఆ వ్యాధినుండి విడుదలైనదని ప్రకటించిరి. అడే పుట్టిన ఆఫ్రికా ఖండమున ప్రకృతిసిద్ధమైన పోలియో క్రిమి లేదని 2020 ఆగస్టు 25న ప్రకటించిరి. ఇంటింటికి తిరిగి చుక్కలు వేసిన ఆశా కార్యకర్తలను బట్టియు, అంగన్‌వాడీ సహోదరీలను బట్టియు దేవునికి స్తోత్రము. గాని వ్యాధి పోయినను అది సోకినవారు మన నడుమనే ఉన్నారు. ముప్పదియేండ్లు దాటినవారు ప్రతి మండలములోను కనబడుదురు. వ్యాధిని మరచినట్టే వారిని కూడ మరచుచున్నాము.

ఇంకొక మాట మాకే చెప్పుకొనవలెను. ప్రసంగీకులమైన మాకు ఇట్టివారి బ్రదుకు మంచి దృష్టాంతము. కాళ్లు లేనివాడే ఇంత చేసెను, కాళ్లున్న నీవేమి చేసితివి అని గద్దించుటకు సులువు. వినువారు కన్నీళ్లు పెట్టుకొందురు, ప్రసంగము బాగున్నదందురు. ఆ మనుష్యుడు మాత్రము ముందు వరుసలో కూర్చుండి తన్నుగూర్చి ఇతరులు చెప్పుట మరల వినుచుండును. ఈ వ్యాసము కూడ ఆ తప్పులో పడునేమోయని వ్రాయుచుండగా భయపడితిమి. అందుచేత ముద్రణకు పంపకమునుపు ఎరువుల కొట్టుకు పోయి, మొదట వ్రాసిన టీ సంగతి అతనికి చదివి వినిపించి, వేయవచ్చునా అని అడిగితిమి. "వెయ్యండి, కానీ చెంచాలు రెండు కాదు, ఒకటిన్నర అని రాయండి. డాక్టరుగారు చదివితే తిడతారు" అనెను. మేము రెండనియే ఉంచితిమి. అతడనినది రెండే గనుక.

అప్పుడే మరియొక సంగతి అడిగితిమి. ఆదివారము ఆరాధనలో వాక్యపఠనము చేయుదువా యని. అతడు కొంతసేపు పద్దు పుస్తకము వైపే చూచి, "పదునాలుగేళ్లయిందండి" అనెను. అంతకంటె ఏమియు అనలేదు. మేమును ఏమియు అనలేకపోతిమి.

మా మందిరములో వేదికకు మూడు మెట్లు, ఒక్కొక్కటి అరయడుగు. సంఘపెద్దలు పాత తలుపు చెక్క నొకదానిని ఆరడుగుల పొడవున వాలుగా వేయవచ్చునని నిర్ణయించిరి. అది సిద్ధపరచిన పిమ్మటగాని అతనిని అడుగవలెనని మాకు తోచలేదు. చూడుడి, ఇంత వ్రాసినను ఇదియే మా బుద్ధి! అతడు వచ్చి చూచి నవ్వెను. "దీని మీద ఎక్కడానికి నలుగురు నెట్టాలండి. దిగేటప్పుడు సరాసరి పెద్దగారి ఒళ్లో పడతాను" అని, పద్దు కాగితము చించి లెక్క వ్రాసెను. ఒక అడుగు ఎత్తునకు పన్నెండు అడుగుల వాలు. మన ఎత్తు అడుగున్నర. పద్దెనిమిది అడుగులు కావలెను. తిన్నగా చోటు లేదు గనుక గోడవెంట తొమ్మిదడుగులు, మధ్య త్రిప్పుకొనుటకు చదునైన చోటు, మరల తొమ్మిదడుగులు. మోకాళ్ల నొప్పులుగల ముసలమ్మలు కూడ దీనివెంటనే బల్లయొద్దకు రావచ్చునని తానే చెప్పెను. సిమెంటు పని ఈ నెల సాగుచున్నది.

వాక్యభాగము ఏది చదువుదువని అడిగితిమి. శృంగారమను దేవాలయపు ద్వారమునొద్ద కుంటివాడు స్వస్థపడిన భాగము బాగుండునని మాలో మేము అనుకొంటిమి గాని, ఈసారి నోరు మూసికొంటిమి. అతడు నెహెమ్యా మూడవ అధ్యాయము కోరెను. ఎవరెవరు గోడలో ఏయే భాగము కట్టిరో, ఏ గుమ్మము ఎవరు నిలిపిరో వరుసగా చెప్పెడు అధ్యాయమది. ప్రసంగీకులు సామాన్యముగా దాటిపోవుదురు. ఎందుకని అడుగగా, "అంత పని జరిగితే ఒక్కడి పేరూ వదలకుండా పద్దు రాశాడండి. రాసినవాడెవడో గాని గట్టి గుమాస్తా" అనెను. పేర్లు పలుకుటకు కఠినములు. కొట్టు కట్టివేసిన తరువాత ప్రతి సాయంకాలము బండిమీదనే కూర్చుండి గొఱ్ఱెల గుమ్మము మొదలుకొని బిగ్గరగా చదివి అలవాటు చేసికొనుచున్నాడు; బజారున పోవువారు నిలువబడి వినుచున్నారు.